ప్రవరుడు సోమిదమ్మను వెంట ఎందుకు తీసుకుపోలేదు?

డిగ్రీలో తెలుగు చదువుకున్నవాళ్లు నలుగురు కూర్చుంటే అల్లసాని పెద్దన మనుచరిత్ర దగ్గర ఒకటే తగువు. హిమాలయంలో ప్రవరుణ్ణి చూసి మోహించిన వరూధిని చేసింది తప్పా, లేక ప్రవరుడే మరీ రాతిమనిషా అని. నాకేమో ఆ కథలో ఎవరూ పట్టించుకోని మూడో మనిషి మీదనే దృష్టి. ఇంట్లో ఉండిపోయిన ప్రవరుడి భార్య సోమిదమ్మ. ఆమె గురించి పెద్దన ఒక మాట అన్నాడు: "వండ నలయదు వేవురు వచ్చిరేని". వెయ్యి మంది వచ్చిపడినా వండటానికి అలిసిపోదట. నడిరేయి అతిథి తలుపు తట్టినా లేచి వడ్డిస్తుందట. క్లాసులో మా లెక్చరర్ ఈ పద్యాన్ని రాగం తీసి చదివి, గృహిణి అంటే ఇట్లా ఉండాలని చెప్పేవారు. మేమూ తలలు ఊపేవాళ్లం.

ప్రవరుడికి ఊర్లు చూడాలని తెగ కోరిక. ఇంటికి వచ్చిన సిద్ధుడికి సోమిదమ్మ చేతి వంట పెట్టించి, నువ్వు ఏమేం చూశావు స్వామీ అని ఆరాలు తీసి, కాళ్లకు పసరు పూయించుకుని ఒక్కడే హిమాలయానికి పోయినాడు. మంచుకు పసరు కరిగిపోయి తిరుగుదారి లేక నిలబడేసరికి అప్పుడు గుర్తొచ్చింది ఇల్లు. మన తెలుగులో మొదటి టూరిస్టు ఇతనే అని నేను అంటుంటాను. మొదటి టూరిస్టే భార్యను ఇంట్లో పొయ్యి దగ్గర వదిలేసి పోయినాడు చూడండి.

పెద్దన మనవాడే. కృష్ణదేవరాయలు ఇచ్చిన కోకటం అగ్రహారం మా కడప జిల్లాలోనే, కమలాపురం దగ్గర ఉంది. అందుకే ఆయన మీద నాకు కొంచెం చనువు ఎక్కువ. తెలుగులో ప్రకృతి వర్ణన అనగానే అందరికీ నోటికొచ్చే "అటజని కాంచె" పద్యం రాసింది మంచు ఎట్లుంటుందో తెలియని సీమతో ముడిపడిన కవి. పద్యం అద్భుతం, ఆ జలపాతాల మృదంగం చదువుతుంటేనే చెవుల్లో మోగుతుంది. కానీ మా వాళ్ల బుర్రల్లో ప్రకృతి అంటే చల్లగా, పచ్చగా, వెయ్యి మైళ్ల అవతల ఉండేది అని నాటుకుపోవడంలో ఇట్లాంటి పద్యాలకూ కొంత పాత్ర ఉందనిపిస్తుంది. మిగిలిన పాత్ర సినిమా పాటలది.

సూటిగా చెప్పేస్తాను. సెలవు రోజు బయటికి పోవాలంటే మన సీమలోనే, పొద్దున పోయి పొద్దుగూకే లోపల తిరిగొచ్చేంత దూరంలో, ఇంటి తిండి కట్టుకుని పోవాలి. ఆ మూట కట్టిన మనిషి కూడా అందరంత నిద్రపోయి, అందరితో పాటే నెమ్మదిగా బయల్దేరాలి. ఈ రెండోది జరగకపోతే మొదటిదాన్ని గురించి ఎవరూ నాకు చెప్పొద్దు.

మొదటిదాని సంగతి ముందు చూద్దాం. "మన దగ్గర చూడ్డానికి ఏముంది, రాళ్లూ కంపచెట్లూ తప్ప?" ఈ మాట మా ఇంట్లోనే ఎన్నిసార్లు విన్నానో. మా మరిది అయితే ఊటీకి పోయి వచ్చి, ఫోన్‌లో టీ తోటల ఫొటోలు చూపించి, మన కర్మ అన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఆయన చూస్తున్నది పాలకొండల వైపు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ చుట్టుపక్కల కొండల్లోనే. పాలకొండలు, శేషాచలం, లంకమల, వెలికొండలు. ఊటీ టీ మొక్క బయటినుంచి తెచ్చి నాటింది. మా ఎర్రచందనాన్ని మాత్రం ఎవరూ నాటలేదు, అదే ఈ రాళ్లలో పుట్టింది.

కంపచెట్ల సంగతీ చెబుతాను. సిద్ధవటం, బద్వేలు వైపు లంకమల అడవి అంచుల్లో ఉండేది ముళ్లపొదల నేలే. ఆ పొదల్లో తిరిగే కలివికోడి అనే పక్షి ఇక లేదనుకున్నారు. 1900 తర్వాత దాన్ని చూసినట్టు ఎక్కడా నమోదు కాలేదు. 1986లో మళ్లీ ఇక్కడే కనిపించింది. రాత్రిపూట తిరిగే పిట్ట, పొదల మధ్య ఖాళీ నేల మీద పరుగెత్తుతుంది. దట్టమైన అడవి దానికి పనికిరాదు, దున్నిన పొలమూ పనికిరాదు. మనం చీదరించుకునే ఈ పలచని కంప అడవే కావాలి. దానికోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. ఊటీలో ఎంత వెతికినా ఆ పిట్ట దొరకదని మా మరిదికి చెప్పాను. "నీకు మాత్రం కనపడిందా వదినా?" అన్నాడు. కనపడలేదు. అది కనపడే పిట్ట కాదు. అయినా ఆ పొదల మధ్య నిలబడ్డప్పుడు ఇక్కడెక్కడో ఉంది అన్న ఆలోచన చాలు నాకు.

వేంపల్లె వైపు పోతే రాళ్లలో పొరలు పొరలుగా, ఉల్లిగడ్డ కోసినట్టు గుండ్రటి గీతలు కనిపిస్తాయి. నీటిలో బతికిన సూక్ష్మజీవులు తెట్టు మీద తెట్టు కట్టి రాయైన గుర్తులవి. నూటయాభై కోట్ల ఏళ్లకు పైబడినవి. స్ట్రోమటోలైట్లు అంటారు. భూగర్భ శాస్త్రం చదివేవాళ్లు ఆ శిలల వరుసకు మా కడప పేరే పెట్టుకున్నారు. మేమేమో ఆ దారిలో గండి ఆంజనేయస్వామికి పోయి, కొబ్బరికాయ కొట్టి, పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చిన చోటును వెనక పెట్టి సెల్ఫీ తీసుకుని వస్తాం.

గండికోట ఇప్పుడు అందరికీ తెలిసింది, అదీ ఇంటర్నెట్ పుణ్యాన. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన లోయ. కోట లోపల మాధవరాయస్వామి గుడి, మసీదు, ధాన్యం కొట్టు దగ్గరదగ్గరగానే ఉంటాయి. బెంగళూరు కార్లు వరసగా నిలబడి ఉంటాయి అక్కడ. లోయ అంచు దాకా బండల మీద ఎక్కిపోయి కూర్చుంటే కింద నీళ్లు, ఎదురుగా పేర్చినట్టున్న ఎర్రరాతి గోడ. బెంగళూరు వాళ్లు రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి చూసేదాన్ని, జమ్మలమడుగులో ముప్పై ఏళ్లుగా ఉన్న మా చుట్టాలావిడ ఇంకా చూడలేదు. "ఎప్పుడైనా పోవచ్చులే" అంటుంది. దగ్గర ఉన్నదాంతో వచ్చే చిక్కే అది.

మా నేల అందం పచ్చదనంలో వెతికితే దొరకదు. అనంతపురంలో ఏడాదంతా కలిపి కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. కడపలో కొంచెం ఎక్కువ. ఇట్లాంటి నేలను చూడటానికి వేరే చూపు కావాలి, దాన్ని నేర్పే కవిత్వమూ కావాలి. విద్వాన్ విశ్వం ఎండిన పెన్న మీద ఏకంగా ఒక కావ్యమే రాశారు. నది గురించి రాస్తూ నీళ్లు లేకపోవడాన్ని వర్ణించడానికి ధైర్యం ఉండాలి. ఆకలినీ అందులోనే పెట్టారు. పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్న వయసులోనే పెనుగొండ మీద కావ్యం రాశారు. అయితే నేను ఎక్కువసార్లు వెనక్కి పోయేది వీళ్లిద్దరి దగ్గరికీ కాదు, ఆముక్తమాల్యదకు.

రాయలు అంటే మనకు యుద్ధాలు, భువనవిజయం, ఏనుగుల మీద సవారీ. ఆయన రాసిన కావ్యంలో నన్ను పట్టేసింది మాత్రం ఒక పూట భోజనం. విష్ణుచిత్తుడి ఇంటికి వచ్చిన వైష్ణవులకు ఏ కాలంలో ఏం పెట్టేవారో మూడు పద్యాల్లో చెబుతాడు. ఎండాకాలమైతే గోరువెచ్చని అన్నం, తియ్యటి చారు, పలచని అంబలి, చెరుకురసం, కొబ్బరినీళ్లు, వడపిందెలు, నీళ్లమజ్జిగ. చలికాలమైతే కొత్తబియ్యపు అన్నం, మిరియాలపొడి అంటిన కూరలు, ముక్కుకు ఘాటు తగిలే ఆవపచ్చళ్లు, చేతికి చురుక్కుమనే నెయ్యి. కొండల పేరెత్తకుండా, మబ్బుల వర్ణన లేకుండా ఋతువును విస్తట్లో పెట్టేశాడు. అంబలి, నీళ్లమజ్జిగ, వడపిందెలు అనగానే ఏప్రిల్ నెల మధ్యాహ్నం కడప వీధి ఎట్లుంటుందో నా ఒంటికి తెలిసిపోతుంది. ప్రకృతి కవిత్వం అంటే నా లెక్కలో ఇదీ.

ఇంక వానాకాలం పద్యం. ఆకాశం నీటిబుగ్గలాగ అయి ముసురు పట్టిన రోజులు. అన్నం, ఒలిచిన పప్పు, నాలుగైదు రకాల వేపుళ్లు, వడియాలు, వరుగులు, పెరుగు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ వానకు కట్టెలు తడిసి ఉంటాయి కదా, వంట ఎట్లా అయింది? విష్ణుచిత్తుడు తన భార్య కళ్లకు పొగ సోకకుండా కొబ్బరి చిప్పలు పొయ్యిలో పెట్టి వండించాడని చెబుతాడు రాయలు.

1509 నుంచి 1529 దాకా సామ్రాజ్యం ఏలిన మనిషి. పెనుగొండ రెండో రాజధానిగా, ఎన్నో వందల మంది వంటవాళ్లు ఉన్న కోటల్లో తిరిగిన మనిషి. తడికట్టె పొగ ఆడవాళ్ల కళ్లల్లో పడుతుందని ఆయనకు ఎట్లా తెలిసింది? ఆయన ఆస్థానకవికేమో వెయ్యి మందికి వండినా అలిసిపోని ఇల్లాలు కనిపించింది. ఒకే సభలో కూర్చున్న ఇద్దరు కవులు, ఒకే వంటింటి మీద రెండు చూపులు. పెద్దన పేరుతో ఇంకో చాటుపద్యం ఉంది, కవిత్వం రాయాలంటే ఏమేం కావాలో లిస్టు. ప్రశాంతమైన చోటు, కప్పురపు విడెం, ఊయలమంచం, "ఆత్మకింపయిన భోజనము". ఇంపైన భోజనం కావాలి, సరే. అది ఎవరు వండాలో లిస్టులో లేదు. పద్యం సొగసుకు నమస్కారం చేస్తూనే ఆ ఖాళీని నేను ప్రతిసారీ గమనిస్తాను.

ఆ ఖాళీ మా ఇంట్లోనూ ఉండేది. "బయటి తిండి వద్దు, నువ్వు చేసే చిత్రాన్నం ఉంటే చాలు" అని మా ఆయన అనేవారు. వినడానికి ఎంత బాగుందో. "చాలు" అనే ఆ చిత్రాన్నం వెనక నాలుగింటికి అలారం ఉంటుంది. చిత్రాన్నంతో ఊరుకుంటారా, మామకు పెరుగన్నం, పిల్లలకు పూరీలు, ఎవరైనా తోడొస్తే వాళ్లకు అలసంద వడలు. ఆరున్నరకు కారెక్కేసరికి నా కళ్లు మూతలు పడుతుంటాయి. ఎక్కడికి పోయినా దుప్పటి పరిచి వడ్డించడం, తీయడం, గిన్నెలు కడగడం. లోయ దగ్గరికి పోయి లోయ చూడకుండా వచ్చే మనిషి ఎవరంటే, వంట చేసిన మనిషి. ఇంటి వంట ఆరోగ్యం, ఇంటి వంట అమృతం అని రాసే మగవాళ్ల పోస్టులు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మీరు వండండి, అప్పుడు మేమూ రాస్తాం.

అయితే హోటల్లో తినేయొచ్చు కదా అంటాడు మరిది. ఏ ఊరు పోతే ఆ ఊరి తిండి తినాలి, అప్పుడే ఆ ఊరు తెలుస్తుంది అనేది అతని వాదన. అతని వాదనలో బలం ఉంది. మధురకు పోయి పులిహోర డబ్బా విప్పడం నాకూ నచ్చదు. కానీ ఇది మన ఊరే. ఇక్కడి తిండి మన ఇంట్లోనే ఉంది. హైవే పక్కన దొరికేది మాత్రం దేశమంతా ఒకేలా ఉండే ఫ్రైడ్‌రైస్. ఒకసారి అట్లాంటి చోట టోకెన్ తీసుకుని, గంటసేపు ఎదురుచూసి, చల్లారిన బిర్యానీ తిని లేచేసరికి ఎండ నెత్తికెక్కింది, చూడాల్సిన గుడికి తలుపులు వేసేశారు. రోజంతా టెన్షనే.

కాబట్టి మాకు పనికొచ్చింది వంట తగ్గించుకోవడం, పంచుకోవడం. పోయే రోజు పొద్దున పొయ్యి మీద ఒక్కటే గిన్నె, అన్నానిది. అది మా ఆయన పని. నిమ్మకాయ పిండటం, తాళింపు వేయడం ఆయనకు ఇప్పుడు బాగానే వచ్చు, ఉప్పు దగ్గర మాత్రం చెయ్యి ఆగదు. ముందురోజు సాయంత్రం రోట్లో ఊరిమిండి, అంటే చెనిక్కాయల పచ్చడి, నూరుతాం. ఇది మా మామ మొదలుపెట్టిన అలవాటు. చెనిక్కాయలు సన్నసెగ మీద పొట్టు నల్లచుక్కలు పడేదాకా వేయించి, చేత్తో నలిపి, చాటలో ఊది పొట్టు పోగొడతారు. పచ్చిమిరపకాయలు నూనెలో మగ్గించి, చింతపండు, రాళ్లుప్పు, తెల్లగడ్డ వేసి ముందు వాటిని దంచుతారు. చెనిక్కాయలు చివర్న. మరీ మెత్తగా పోతే నూనె వదిలి ముద్దైపోతుంది, పంటికింద పలుకులు తగలాలి. బుడంకాయల కాలమైతే రెండు కాయలు తరిగి అందులో వేసి ఒక్క దంపు దంచుతారు. ఆ పులుపు ఇంకెక్కడా రాదు. చేలగట్ల మీద దానంతటదే పాకే తీగ బుడంకాయది, ఎవరూ విత్తరు. రోకలి పట్టుకున్నాక మామకు మాటలు ఎక్కువ. ఏ ఏడు ఏ చేలో ఎన్ని మూటల కాయలు అయినాయో, ఏ ఏడు వాన ఎగ్గొట్టిందో అన్నీ ఆ రోలు దగ్గరే విన్నాను.

రొట్టెలు కొంటాం. సాయంత్రం పూట వీధి చివర పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు కాల్చే ఆమె దగ్గర. అది ఇంటి వంట ఎట్లా అవుతుందని మా అత్త అభ్యంతరం. ఆమె కూడా ఒక ఇంట్లోనే కాలుస్తోంది, పైగా నాకన్నా పలచగా తడుతుంది, డబ్బులు ఇస్తే ఆమె ఇల్లూ గడుస్తుంది అని నేను. ఈ వాదన తేలలేదు. రొట్టెలు మాత్రం మిగలవు.

మొన్న కార్తీకంలో ఈ మూటతోనే పుష్పగిరికి పోయినాం. కడప నుంచి దాదాపు 16 కిలోమీటర్లు. ఊరు ఇటువైపు, చెన్నకేశవస్వామి గుడి పెన్నకు అటువైపు. నీళ్లు తక్కువగా ఉంటే ఇసుకలో నడిచి దాటొచ్చు. గుడి బయటి గోడ నిండా చెక్కిన బొమ్మలు, వరస మీద వరస. చూడటానికి చాలాసేపు పడుతుంది, చాలామంది ఒక ప్రదక్షిణం చేసి వచ్చేస్తారు. మా అత్త ఆ గుడికి వచ్చింది అంతకు ముందు కూడా, పెళ్లిళ్లకు, మొక్కులకు. ప్రతిసారీ చెట్టు కింద వంటల దగ్గరే ఉండిపోయిందట. ఈసారి వంటల్లేవు. ఆమె గోడ దగ్గర నిలబడి ఒక్కొక్క బొమ్మనూ వేలితో చూపిస్తూ, పక్కనున్న మనవరాలితో ఇది ఏ కథో చెప్పమని దబాయించడం మొదలుపెట్టింది. పిల్లకు తెలియదు. ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం నది అంచున కూర్చుని రొట్టె, ఊరిమిండి, చిత్రాన్నం తిన్నాం. పిల్లలు ఇసుకలో చెలమ తవ్వారు. ముందు తడి ఇసుక, ఇంకొంచెం లోతుకు పోతే బురదనీళ్లు, వాటిని దోసిళ్లతో తోడేస్తే నెమ్మదిగా తేట నీళ్లు ఊరాయి. చిన్నప్పుడు ఆ నీళ్లే బిందెలకు ముంచుకుని పోయేవాళ్లమని మామ చెప్పారు. నేను వెంట తెచ్చుకున్న ఆముక్తమాల్యద తీసి ఆ వానాకాలం పద్యం చదివి, అర్థం చెప్పాను. మా అత్తకు పద్యాలు పట్టవు, మర్యాదకు విన్నది. కొబ్బరి చిప్పల దగ్గరికి వచ్చేసరికి ఆపమంది. "చిప్పలు మంట బాగా వస్తుంది కానీ తొందరగా అయిపోతాయి. వెయ్యి మందికి కాదు, పది మందికి వండాలన్నా ఒక గోతాం కావాలి. ఆ రాజు ఇంట్లో ఎన్ని కొబ్బరికాయలు కొట్టేవాళ్లో మరి" అన్నది. డిగ్రీలో ఎవరూ ఆ పద్యానికి అంత దగ్గరగా పోలేదు.

కవిత్వం ఇంట్లో, బల్ల ముందు కూర్చుని చదువుకోవచ్చు, దానికి పుష్పగిరి దాకా పోవాలా అని అడిగినవాళ్లున్నారు. చదువుకోవచ్చు. నేనూ అట్లాగే చదివాను ఇన్నాళ్లూ. కానీ ఇంట్లో చదివితే నా ఒక్కదానిదే చదువు. అక్కడ నదీ, రొట్టే, పొయ్యిలో చిప్పలు ఊదిన అనుభవం ఉన్న మనిషీ ఒకచోట కూడినారు. ప్రకృతి కవిత్వాన్ని ప్రకృతి తెలిసినవాళ్ల ముందు చదవకపోతే అది పరీక్ష పేపర్లోనే ఉండిపోతుంది. మా అత్తకు తుమ్మి ఏదో, పల్లేరు ఏదో, ఏ ఆకు పశువు ముట్టదో నడుస్తూనే తెలుస్తుంది. తెలుగు ఎమ్మే చదివిన నాకు అందులో సగం తెలియదు.

అందరికీ ఇట్లా కుదురుతుందని అనను. ఆదివారం కూడా దుకాణం తెరవాల్సినవాళ్లు, కూలికి పోవాల్సినవాళ్లు ఈ ఊళ్లోనే ఎక్కువ. కారు లేకపోతే లంకమల వైపు పోవడం కష్టం, బస్సులు మనం అనుకున్న వేళకు రావు. ఏప్రిల్ వచ్చాక పగటిపూట బయటికి పోవడమే తెలివితక్కువ పని. మాకు ఎక్కువగా ప్రయాణాల కాలమంటే ఈశాన్య ఋతుపవనాల వానలు పడి వెలిసిన తర్వాత, సంక్రాంతి దాటి శివరాత్రి వచ్చేదాకా. కొండవాగుల్లో అప్పుడే కాసిని నీళ్లు ఉంటాయి. ఇంకో మాట, గండికోట బండల సందుల్లో ప్లాస్టిక్ ప్లేట్లు, చిప్సు కవర్లు చూస్తే ఏడుపొస్తుంది. డబ్బాలో పోసుకుపోతే ఆ డబ్బా ఇంటికి తెచ్చుకుంటాం కదా. ఇంటి తిండికి ఓటు వేయడానికి నాకు ఇదీ ఒక కారణం.

వచ్చే నెల లంకమల వైపు పోదామని అనుకుంటున్నాం, అటవీశాఖ వాళ్లు అనుమతించే దాకానే. మరిది కూడా వస్తానన్నాడు, కలివికోడి కనపడకపోతే ఊటీయే మేలు అని ముందే షరతు పెట్టాడు. అయితే అలసంద వడలు నువ్వే వేసుకురా అన్నాను. పప్పు ఎంతసేపు నానాలో యూట్యూబ్‌లో చూస్తున్నాడట. మా అత్తకు ఇదంతా నచ్చలేదు. మగపిల్లాడు వడలు వేస్తే నూనె తాగేస్తాయని ఆమె భయం. మా ఆయన ఈసారి చిత్రాన్నంలో ఉప్పు అత్తతోనే వేయిస్తానంటున్నారు. ఆమె మాత్రం, నేను ఏమీ చేయను, ఊరికే వచ్చి కూర్చుంటాను అని ఖరాఖండిగా చెప్పేసింది.